చక్రవర్తికి మొక్కినవాడి పక్కింటివాడు

పిస్కాటవేలో ఫార్మా ఉద్యోగం మానేశాక కృష్ణకుమారి అక్కడి మ్యూజియంలో జీతం లేని గైడుగా చేరింది. రోమన్ గదిలో ఒక రాతి బలిపీఠం ఉంది. బ్రిటన్‌ను రోమ్ ఏలిన రోజుల్లో, అక్కడివాడెవడో చక్రవర్తిని దేవుడని కొలిచి నిలబెట్టింది. అది గుడి లోపల కాదు, ఆరుబయట జనం కళ్లముందు ఉండేదని కృష్ణకుమారి ఓపిగ్గా చెప్పేది. వచ్చినవాళ్లు అంతే ఓపిగ్గా ఫోన్లు చూసుకునేవారు.

అంతలో మరో గైడుగా రేణు దిగింది. పీఠం ముందు పిల్లల చేత షూలు విప్పించి, చేతులు జోడింపజేసి, అందరి దేవుడూ ఒక్కడే అనేది. తల్లులు కళ్లు తుడుచుకునేవారు. కృష్ణకుమారి దూరం నుంచి ఆ తల్లుల్ని లెక్కపెట్టుకుని ఉడుక్కునేది. పైగా నాలుగేళ్లే చిన్నదైన రేణు తనను నోరారా ఆంటీ అనేది.

జనం నిండుగా వచ్చేది ఆదివారమే. ఆ టూర్ ఒక్కరికే ఇస్తామని, ఇద్దరూ చెరోసారి చేసి చూపించాలని మ్యూజియం వాళ్లన్నారు. ముందు రేణు చేసి చప్పట్లు కొట్టించుకుంది.

"ఆల్ ద బెస్ట్ ఆంటీ. ఆ డేట్లూ గీట్లూ కాస్త తగ్గించండి, జనం నిద్రపోతారు," అని వెళ్లి వెనక వరసలో నిలబడింది.

కృష్ణకుమారి చదివిందంతా ఆవిరైపోయింది. రాతి మీద పైన చక్రవర్తి పేరు, కింద మొక్కు చెల్లించినవాడి పేరు. రేణు కళ్లలోకే చూస్తూ మొదలుపెట్టింది. చక్రవర్తి ఈ రాయి మొహం చూసి ఎరగడు. చూసింది ఈ మొక్కినవాడి పక్కింటివాడు. వాడు ముందే ఒకటి నిలబెట్టి ఊళ్లో మీసం తిప్పుతున్నాడు. వీడికి తిండి సహించలేదు, నిద్ర పట్టలేదు. వాడిదానికంటే జానెడు ఎత్తున ఇది చెక్కించాడు. ఇది భక్తి కాదు, కుళ్లు.

ఆ పక్కింటివాడికి ఆధారమేమీ లేదు. ఆధారం లేని మాట ఆమె నోట రావడం అదే మొదలు. గదిలో ఒక్కరూ ఫోన్ తీయలేదు. ఆదివారం ఆమెకే ఇచ్చారు.

"పక్కింటివాడి స్టోరీ మీకెక్కడ దొరికింది ఆంటీ?" అని రేణు మొహం మాడ్చుకుని అడిగింది.

"చదివితే దొరికేది కాదులేమ్మా."

తొలి ఆదివారం రేణు వచ్చి వెనక నిలబడింది. కృష్ణకుమారి చెలరేగిపోయింది. మరుసటి ఆదివారం గది కిటకిటలాడింది గాని రేణు లేదు. గైడు పని మానేసి దగ్గర్లోని ఐసెలిన్‌లో పెద్దవాళ్ల కూచిపూడి క్లాసులో చేరిందట, అప్పుడే టీచర్ తెగ మెచ్చుకుంటోందట. పక్కింటివాడి దగ్గరికొచ్చేసరికి కృష్ణకుమారి గొంతు చప్పబడింది.

టూర్ ముగించి, ఇంటికి పోకుండా కార్ ఐసెలిన్ వైపు తిప్పింది. ఆ క్లాసులో ఇంకా చేర్చుకుంటున్నారేమో కనుక్కోవాలి.