ఒకటి తగ్గించి చెప్పే ఊరు

ఒక ఊరు దేని మీద బతుకుతోందో తెలియాలంటే బడి పిల్లల ఇళ్ళు చూడాలంటుంది వసంత. మా మిత్రుడి కూతురు. పుత్తూరు అవతల మామిడి తోటల మధ్య ఉన్న చిన్న బడిలో ఈ జూన్‌లోనే టీచరుగా చేరింది. తనతో పాటు ఇల్లిల్లూ తిరగడానికి రమ్మంటే, తిరుపతిలో ఆరు గంటల పల్లెవెలుగు ఎక్కాను.

పక్క సీట్లో మునిరత్నం అనే రైతు. పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వెళ్తున్నాడు. చంద్రగిరి దగ్గర బావమరిది తోటలో కాయలు కోస్తూ చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. సొంత తోటలో పడివుంటే పరువన్నా దక్కేదని అతని బాధ.

పుత్తూరులో పొంగలి తిని, టీ తాగి, ఎనిమిదింటికి షేర్ ఆటో ఎక్కాను. గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. తడ వైపు కంపెనీలకు పోయే బస్సులో యూనిఫారం వేసుకున్న ఆడపిల్లలు కునుకు తీస్తున్నారు.

వసంత బడి గేటు దగ్గరే ఎదురొచ్చింది. ఇంకో ముగ్గురు పిల్లలు చేరకపోతే మూడు నుంచి ఐదు తరగతులను హైవే అవతలి బడిలో కలిపేస్తారట. చిన్న పిల్లలు రోజూ ఆ లారీల మధ్య రోడ్డు దాటాలన్నదే ఆమె దిగులు.

ఇళ్ళు తోటల్లో విసిరేసినట్టు దూరదూరంగా ఉన్నాయి. ప్రతి వాకిట్లో జెర్సీ ఆవులు. ఇంటిని నడిపేది పాలే. మామిడికి ధర వస్తే పండగ, రాకపోతే మగవాళ్ళు తిరుపతిలో తాపీపనికి పోతారు. పిల్లలెంతమందని వసంత అడిగిన ప్రతి చోటా బడికి వస్తున్నవాళ్ళనే చెప్పారు. కొత్తవాళ్ళు ఒక్కరూ తేలలేదు.

మధ్యాహ్నానికి చెంగమ్మ అవ్వ ఇంటికి చేరాం. గడ్డి వేస్తూనే, "ఒకడేమ్మా. నీ బడికే వస్తాండాడు గదా" అంది. అంతలో పశువుల కొట్టం వెనక నుంచి మూతంతా మామిడి రసంతో ఒక పిల్ల వచ్చి అవ్వ కొంగు పట్టుకుంది.

ఇదెవరని వసంత అడిగింది.

"నా మనవరాలు."

"ఒకడే అన్నావే అవ్వా?"

"బిడ్డల్ని లెక్కబెట్టి సరింగా సెప్తారామ్మా ఎవురైనా? దిష్టి తగలదా? ఆవులెన్నని అడిగినా ఒకటి తగ్గించే సెప్తా."

వసంత ముందు నవ్వింది. తర్వాత ఆగి నా వైపు చూసింది. అంటే పొద్దుటి నుంచీ ఊరంతా తగ్గించే చెప్పిందన్న మాట.

వచ్చిన దారినే మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఆమె పిల్లలెంతమందని అడగలేదు. తెల్లారి పిల్లలకు ఎన్ని గ్లాసుల్లో పాలు పోస్తారని అడిగింది. గ్లాసులను దాచాలని ఎవరికీ తోచలేదు. రెండిళ్ళలో బడి ఈడు పిల్లలు ఒక్కొక్కరు బయటపడ్డారు. అవ్వ మనవరాలితో ముగ్గురు. కబురు విన్న అవ్వ, "ముందే గ్లాసులు అడిగింటే ఈ ఎండలో తిరిగే పని తప్పేది గదమ్మా" అని మాకు చెరో చెంబు మజ్జిగ ఇచ్చింది. మనవరాలిని చేరుస్తుందట, కాకపోతే బడిలో గట్టిగా లెక్కపెట్టకూడదట.

సాయంత్రం తిరుపతి బస్సులో మళ్ళీ మునిరత్నమే. చేతికి కొత్త కట్టు. బావమరిది ఇంటికే పోతున్నాడు.

"ఆయప్ప తోటలోనే గదా పడినాను. చెయ్యి కుదిరేదాకా కూడు ఆయప్పే పెట్టల్ల" అన్నాడు.

బస్సు ఊరు దాటాక, "సార్‌కు బిడ్డలెంతమంది?" అని అడిగాడు.

నాకు ఇద్దరు. ఎందుకో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఒకడే" అన్నాను.

మునిరత్నం తృప్తిగా తలాడించాడు.

"ఇద్దరా? సల్లగా ఉండనీ."