పిడుగు కాదు, ముడి

మా వవావు దీవిలో పిడుగుకీ కరెంటుకీ మాట ఒకటే: ఉహిలా. పౌలియాసి మాస్టారు పన్నెండేళ్లు ఆ మాట చాటునే బతికాడు.

బడిలో అతని పక్క గదిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. వాన పడి రేకుల కప్పు మోగితే చాలు, అతను పాఠం ఆపి నా గుమ్మం దగ్గరికొచ్చేవాడు.

"ఏదో మాడుతోంది కదక్కా?"

"నీ బుర్రే మాడుతోంది, పో" అనేదాన్ని. తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

విద్యుత్ పాఠం అతను చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. కారు బ్యాటరీ, హెడ్‌లైటు బల్బు, లావుపాటి తీగలు. మధ్యలో ఒక్కచోట మాత్రం సన్నటి ఇనప పోగుతో ముడి.

"అంతటా పోయే కరెంటు ఒకటే. మరి వేడి ఎక్కడ?"

"బల్బులో" అనేవాళ్లు పిల్లలు.

అతను ముడి మీద కాగితం పెట్టేవాడు. అది పొగలు కక్కేది.

"కరెంటుని కరెంటుతో హెచ్చించండి, దాన్ని నిరోధంతో హెచ్చించండి. పది ఆంపియర్లు పోతుంటే ముడిలో అర ఓం చాలు, యాభై వాట్లు. యాభై వాట్ల బల్బు వేడంతా గోరంత చోట. సరిగ్గా బిగించని ముడి మనిషిని తింటుందిరా."

ఆ పన్నెండో ఏడు ముందు బెంచీలో మెలెనైటే కూర్చుంది. పద్నాలుగేళ్ల పిల్ల. దానికి రెండేళ్లప్పుడు, వాన రోజున, చర్చి వంటపాకలో టీ నీళ్లు కాస్తూ తల్లి అకోసిటా పోయింది. ఉహిలా కొట్టిందన్నారు. అందరం పిడుగే అనుకున్నాం. పిడుగు ఊరికే పడదు, ఏ పాపం చేసిందో అని ఊరంతా గుసగుసలు. అందులో నా నోరూ ఉంది.

మెలెనైటే పొగ వంక చూసి అడిగింది. "మనిషిని తిన్న ముడి నిజంగా ఉందా మాస్టారూ?"

"ఉంది."

"ఎవరు కట్టారు?"

బయట వాన లేదు. అయినా అతను గాలి వాసన చూశాడు. బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తీసి దాని ముందు పెట్టాడు. లోపల జానెడు తీగ, కరిగి నల్లబడ్డ టేపు. పాఠం ఆగిందేమిటా అని నేను అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"నేనే. అప్పట్లో కరెంటు పని చేసేవాణ్ణి. టీ హీటరు తీగ చాలట్లేదంటే ఇంకో ముక్క చేత్తో మెలిపెట్టి టేపు చుట్టాను. ముడి కాగి టేపు కరిగింది. తీగ పాక తడి రేకు గోడకి తగిలింది. మీ అమ్మ ఆ రేకు పట్టుకుంది. అందరికంటే ముందు పరిగెత్తి ప్లగ్గు పీకి, ముడి కోసి జేబులో వేసుకున్నాను. జనం ఉహిలా అన్నారు, నేనూ అవునన్నాను. అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను."

పిల్ల ఏడవలేదు. ముడిని వేలితో తడిమింది.

"అమ్మ పాపాన్ని క్షమించమని మా అమ్మమ్మ చచ్చేదాకా మోకాళ్ల మీదే ఉంది. నాకు చెప్తే చాలదు మాస్టారూ. ఆదివారం చర్చిలో చెప్పండి."

మాలో దగ్గరివాళ్లు పోతే నడుముకి చిరిగిన పాత చాప కట్టుకుంటాం. ఆదివారం పౌలియాసి అలాంటి చాప కట్టుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, అందరి ముందూ నేల మీద కూర్చున్నాడు.

"అకోసిటాని చంపింది పిడుగు కాదు. నా ముడి."

మెలెనైటే లేచి, వెనక్కి తిరిగి మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. నా దగ్గరికొచ్చేసరికి నేను తల దించుకున్నాను.

ఇప్పుడు వాన పడితే ఆ మాడు వాసన నాకూ వస్తోంది.