ఓనా గారి క్యాసెట్

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గుండె మీద బండలా ఉంది. మావారికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఓనా గారు ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి, లిథువేనియాలో పైన్ అడవుల ప్రాంతం నుంచి వచ్చారు. అక్కడిది ఇసుక నేల, పంట అంతంతమాత్రం. పుట్టగొడుగులు, అడవి పళ్లు, చెట్టు తొర్రల్లో తేనెతోనే బతికామని చెప్పేవారు. అక్కడి ఆడవాళ్లకు ప్రతి పనికీ ఒక పాట ఉండేదట. చాలా ఏళ్లకు ఊరు వెళ్లినప్పుడు, తల్లిని అడవి అంచున కూర్చోబెట్టి ఆ పాటలు రికార్డ్ చేసుకొచ్చారు. మరుసటి ఏడాదే తల్లి పోయింది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషినని, ఆ క్యాసెట్‌ను సీడీలోకి మార్చమని నాకిచ్చారు. ఒక శనివారం ఫోన్లో మాట్లాడుతూ, ప్లేకి బదులు రికార్డ్ నొక్కి వంటింట్లోకి వెళ్లాను. వచ్చి వింటే మొదటి వైపంతా నా కబుర్లు, కుక్కర్ విజిళ్లు.

అది పొరపాటు. తర్వాత చేసింది కాదు.

రెండో వైపు బాగానే ఉంది. ముసలి గొంతు నింపాదిగా పాడుతోంది. మధ్యలో కోకిల కూస్తే ఆగి, మళ్లీ అందుకుంది. చివరిదాకా విన్నాను. ఒక వైపే పోతే ఎలా పోయిందని అడుగుతారు, రెండూ పోతే టేప్ పాతదనుకుంటారు. అంత ఆలోచన నాకెలా వచ్చింది? ఆవిడ ముందు చిన్నబోలేక, అంతేనా? రికార్డర్ లోపలి మైకు పనిచేయకుండా దాని మైకు సాకెట్‌లో ఉత్త పిన్ను గుచ్చి, మళ్లీ రికార్డ్ నొక్కి రెండు వైపులా నిశ్శబ్దం నింపాను.

మర్నాడు వెళ్లి, టేప్‌లో ఏమీ లేదని చెప్పాను.

"కిటికీలో పెట్టాను. ఎండ తగిలింది. తప్పు నాదే," అన్నారు తన తడబడే ఇంగ్లీషులో. క్యాసెట్ అందుకుంటూ అడిగారు. "నువ్వు ఒక్క ముక్కయినా విన్నావా?"

"లేదు," అన్నాను.

ఆ తర్వాత లాండ్రీ రూమ్‌లో ఆవిడ రెండో వైపు పాటల్లో ఒకటి మొదలుపెట్టి, సగంలో మరిచిపోయి ఆగిపోయేవారు. మిగతా రాగం నాకు గుర్తుంది. పక్కనే నిలబడి బట్టలు మడతపెట్టుకున్నాను.

ఓనా గారు చికాగోలో కూతురి దగ్గర పోయారు. క్యాసెట్ పాడుచేసుకున్నానని అమ్మ చివరిదాకా తనను తానే తిట్టుకుందని కూతురు ఫోన్లో చెప్పింది. నేను సారీ అన్నాను, అందరూ అన్నట్టే.

పోయిన వారం ఆమెకు అంతా రాశాను. మీ అమ్మ తప్పేమీ లేదు, చెరిపింది నేను, అని. జవాబు రాలేదు. అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆ అబద్ధాన్ని ఇంక కాపాడుకోనక్కర్లేదు.