గోడ అవతలి ఆయ్

మొన్న అమలాపురంలో కొత్తగా లేస్తున్న అపార్టుమెంటులో ఒక ఫ్లాటు చూడ్డానికి అమ్మను తీసుకుని వెళ్ళాను. గదిలో అడుగు పెట్టగానే తడి సిమెంటు వాసన ముక్కుకు తగిలింది. కొత్త ఇంటి వాసన అని అందరూ ఇష్టపడతారు దాన్ని. నాకు మాత్రం పడదు. అది తగిలితే చాలు, మా లైనిళ్ళలో గోడ లేపిన రోజు కళ్ళముందుకు వస్తుంది.

ఊరికి కాస్త ఎడంగా, కాలవగట్టు పక్కన, కొబ్బరి పీచు తీసే కార్ఖానాను ఆనుకుని ఉండేవి ఆ ఇళ్ళు. ఒకే పెంకుల కప్పు కింద, గోడకు గోడ అంటుకుని, రైలన్నదే రాని ఊళ్ళో రైలుపెట్టెల్లా బారుగా నిలబడి ఉండేవి. ముందు ఒక గది, వెనక వంటకు చిన్న పంచ, అంతే ఇల్లు. నాన్న కొబ్బరికాయలు ఒలిచే కూలీ, అమ్మ కార్ఖానాలో పీచు తాడు పేనేది. కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల కుళ్ళు వాసన ఎండాకాలంలో మా అన్నంలోకి కూడా వచ్చేది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే మాకు ఎందుకో అర్థమయ్యేది కాదు.

ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు కప్పుదాకా ఉండేవి కావు. మనిషి ఎత్తు మీద ఇంకో మూరెడు లేచి ఆగిపోయేవి. కట్టించిన షావుకారుగారు అక్కడ ఇటుక మిగుల్చుకున్నారని నాన్న ఎకసెక్కం ఆడేవాడు. ఆ ఖాళీలోంచే ఒకరి పొయ్యి పొగ ఇంకొకరి కళ్ళు మండించేది, ఒకరి పిల్లి ఇంకొకరి పాలు తాగేది, ఒకరి లాంతరు వెలుగు ఇంకొకరి వాసాల మీద ఊగేది. గోడలకు చెవులుంటాయంటారు గాని, మా గోడలకు నోళ్ళు కూడా ఉండేవి.

మా గోడ అవతల నూకరత్నం అత్త ఉండేది. మాకు చుట్టరికం ఏమీ లేదు. అల్లవరం దగ్గర పల్లె ఆవిడది, వేటకు వెళ్ళిన మొగుడు సముద్రం నుంచి తిరిగి రాకపోతే ఇక్కడికొచ్చి, గంపలో ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముకునేది. పిల్లల్లేరు. దీపాలు పెట్టేవేళకు ఆవిడ ఇంటికి చేరి గంప దించిన చప్పుడు వినపడగానే అమ్మ పొయ్యి దగ్గర నుంచే మొదలుపెట్టేది. కార్ఖానాలో ఎవరు ఎవరితో తగువు పడ్డారో, నాన్న కాలు మళ్ళీ ఎందుకు వాచిందో, కూరలో చింతపండు ఎలా ఎక్కువైపోయిందో, అన్నీ. అవతల నుంచి "ఆయ్" అని వినపడేది. పొట్టిగా అంటే విన్నానని, సాగదీసి అంటే అయ్యో పాపమని, చివర్న విరిచి అంటే నువ్వు చెప్పేది నేను నమ్మనని. మొహం చూడకుండా అన్నీ తెలిసిపోయేవి.

నాకు జ్వరం వస్తే పనిమానుకుని కూర్చునే స్తోమత అమ్మకు లేదు. నన్ను గోడవార చాప మీద పడుకోబెట్టి, "వదినా, పిల్ల ఉందే" అని పైకి ఒక కేక వేసి వెళ్ళిపోయేది. బేరానికి బయల్దేరేదాకా అత్త ఒక చెవి ఇటే వేసి ఉంచేది. ముసురు పట్టి అత్త బేరానికి వెళ్ళని రోజైతే నాకు పండగే. ఓడలరేవు దగ్గర దారి తప్పిన పడవల కథలు, వల్లో పడిన పెద్ద చేప కళ్ళనీళ్ళు పెట్టుకుందన్న కథలు, పెంకుల మీద వాన చప్పుడును మించి గొంతు పెంచి చెప్పేది. ఊళ్ళో పిల్లలు ఊ కొడితే నేను ఆయ్ కొట్టేదాన్ని. నా ఆయ్ ఆగిపోతే నిద్రపట్టిందని తెలుసుకుని ఆవిడ గొంతు దించేసేది.

అట్లతద్దికి అమ్మ వేసిన అట్లు, చవితికి ఉండ్రాళ్ళు ఆ గోడ మీదుగానే అవతలికి వెళ్ళేవి, బొమ్మిడాయిల పులుసు గిన్నె, కుంపట్లో కాల్చిన తేగలు ఇవతలికి వచ్చేవి. వర్షాకాలం బయట తొక్కుడుబిళ్ళకు చోటు లేక నేను గవ్వలు పట్టుకుని కూర్చుంటే, నా పందేలు నేనూ ఆవిడ పందేలు ఆవిడా వేసుకుని, అంకెలు అరుచుకుని ఆడేవాళ్ళం. ఆవిడ దొంగాట ఆడేదని నాకు ఇప్పటికీ అనుమానమే.

అమ్మకు సొంతిల్లు పిచ్చి. దానికి కారణం ఒక మేకు. గోడకు మేకు కొట్టి అమ్మవారి పటం తగిలించుకుంటే, అద్దె వసూలుకు వచ్చిన గుమస్తా "ఎవరిదనుకున్నావమ్మా గోడ?" అని అందరి ముందూ పీకించాడు. ఆ రోజు నుంచి పటం ట్రంకుపెట్టె మీదే ఉండిపోయింది. మేకు కొట్టుకునే గోడ ఒకటి కావాలి, అంతకు మించి అమ్మ దేవుణ్ణి ఏదీ అడగలేదు.

షావుకారుగారు పోయాక కొడుకులు ఏ వాటాకు ఆ వాటా అమ్మకానికి పెట్టారు. అమ్మ మెడలో గొలుసు పోయి పసుపుతాడు మిగిలింది, మేమున్న వాటా మాదైంది. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వస్తూనే అమ్మ చీర కొంగు నడుముకు దోపి పచ్చడిబండతో మేకు కొట్టింది. కొడుతూ ఏడ్చింది. గోడ అవతల నుంచి అత్త, "కొట్టు వదినా, ఇంకో దెబ్బ కొట్టు, ఇటు పొడుచుకొచ్చినా పరవాలేదు!" అని అరిచింది. ఆవిడ వాటా ఆవిడ కొనలేదు. ఒంటిదాన్ని, ఎవరికోసం అనేది.

సొంతిల్లయ్యాక గోడ కప్పుదాకా లేకపోతే ఏం మర్యాద అన్నాడు మేస్త్రి. నాన్న అవునన్నాడు. అమ్మా తల ఊపింది. ఇంతకీ అవతలి వైపు నుంచి ఇటుకలు అందించిందెవరు? అత్తే. బేరం మానుకుని, ఇసక జల్లెడ పట్టి, మేస్త్రికి టీ కూడా పెట్టిచ్చింది. ఆఖరి వరస దగ్గర జానెడు సందు మిగిలినప్పుడు నిచ్చెన ఎక్కి, ఆ సందులోంచి మొహం పెట్టి నవ్వింది.

"వదినా, ఏవన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పెయ్యి. మేస్త్రిగారు మూసేత్తన్నారు."

"రేపటి కూర కూడా ఇప్పుడే చెప్పమంటావేంటి?" అంది అమ్మ. ఇద్దరూ పగలబడి నవ్వారు. మేస్త్రి తాపీతో సిమెంటు విసిరి సందు మూసేశాడు.

మర్నాడు సాయంకాలం అమ్మ అన్నం వారుస్తూ అలవాటుగా ఏదో చెప్పుకుపోయింది. చెప్పి ఆగింది. ఏమీ వినపడలేదు. గరిట పట్టుకుని గోడ కేసి చూసిన ఆ చూపు నేను మరిచిపోలేదు. మొదట్లో రోజూ అత్త గుమ్మానికి వెళ్ళేది, తర్వాత తగ్గింది. గుమ్మానికి వెళ్ళాలంటే ఏదో పని ఉండాలి, చీర సరిచేసుకోవాలి, ఆవిడ తింటోందో పడుకుందో చూసుకోవాలి. గోడకు ఇవేవీ అక్కర్లేదు. కోపతాపాలు ఏమీ లేకుండానే ఇద్దరూ దూరమైపోయారు.

ఆ చలికాలంలో ఒక పొద్దున్న అత్త మా గుమ్మంలోకి వచ్చింది. తలమీద గంప, చేతిలో బట్టల మూట. ఆవిడ వాటా ఎవరో కొనుక్కున్నారట, అల్లవరంలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతోందట. పక్కింట్లో సామాను సర్దుతున్న చప్పుడు మాకు వినపడనేలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు వదినా?" అంది అమ్మ.

"మొన్న సందేళ చెప్పేనండి వదినగారూ. పొయ్యి కాడ కూకుని, అలవాటు కదండీ, అంతా చెప్పేసేను. మీరు ఆయ్ అనలేదు. అప్పుడు గుర్తొచ్చిందండి, గోడ."

గోడ మీద నుంచి ఎన్నడూ అనని అండీ అది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. అత్త గట్టు వెంట నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాదికి అల్లవరం నుంచి ఆవిడ పోయిందన్న కబురు మాత్రం వచ్చింది.

ఇప్పుడు ఆ లైనిళ్ళు లేవు. కార్ఖానా మూతపడింది, కాలవలో డొక్కలు నానేసేవాళ్ళు లేరు, ఆ వాసన కూడా లేదు. ఇళ్ళు పడగొట్టి గోడౌను కట్టారు. అమ్మ కొట్టిన మేకు ఏ ఇటుకముక్కల రద్దులో కలిసిందో.

ఫ్లాటు చూపిస్తున్న కుర్రాడు పిడికిలితో గోడ మీద గుద్ది, "పక్కవాళ్ళ మాట ఒక్క ముక్క వినపడదండి, గ్యారంటీ" అన్నాడు గర్వంగా.

"అవతల ఎవరుంటారు బాబూ?" అని అడిగింది అమ్మ.

"ఇంకా ఎవరూ కొనలేదండి మామ్మగారూ."

అమ్మ ఆరీ ఆరని గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత, అతని వైపు తిరక్కుండానే, నెమ్మదిగా సాగదీసి, "ఆయ్" అంది.