మత్తులో జరిగిన పంపకాలు

నవంబర్ పద్నాలుగు, శుక్రవారం. అమెరికాలో, చికాగో పక్కన నేపర్‌విల్‌లో సన్నటి వాన, చెవులు కోసే గాలి. ఆ రోజు నేను పోలేదు. అయినా నా ఆస్తి పంపకాలు అయిపోయాయి. ఎలాగో వినండి.

నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది. కాలి రక్తనాళం పూడుకుపోయిందన్నారు. గజ్జల్లో చిన్న బెజ్జం పెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో దారి వెడల్పు చేస్తారట. "ఆపరేషన్ కాదు నాన్నా, ప్రొసీజర్," అని మా అమ్మాయి సుధ ఒకటే నస.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. పూర్తి మత్తు అక్కర్లేదు, సెడేషన్ చాలంది. అక్కడితో ఆగొచ్చుగా. అరుదుగా స్ట్రోక్, హార్ట్ అటాక్, డెత్ అంటూ హోటల్లో టిఫిన్ల పేర్లు చెప్పినట్టు వరసగా అప్పజెప్పింది. నా చిన్నప్పుడు గుంటూరులో హెర్నియా కోసిన డాక్టరు "ఏం ఫర్లేదు, పడుకోరా" అన్నాడంతే. ఆయన చేతిలో చచ్చినా ధైర్యంగా చచ్చేవాణ్ణి. సరే, ఆయన సంగతి వదిలేయండి. ఈవిడ నా మొహం చూసి, "కంగారు తగ్గడానికి మందిస్తాను. ఆ తర్వాత జరిగింది గుర్తుండకపోవచ్చు," అని చేతి నరానికి పెట్టిన ఐవీ గొట్టంలోకి ఏదో ఎక్కించింది.

కాలు బాగైంది. తర్వాత చెకప్‌లో డ్రైవ్ చేసుకోవచ్చన్నారు. హుషారుగా ఇంటికొచ్చి చూస్తే కొక్కేనికి కారు తాళాల్లేవు. ఈ ఊళ్లో కారు లేకపోతే సోఫాకీ నాకూ తేడా ఏముంది?

"కారు నాకిచ్చావ్ కదా తాతా," అంది మనవరాలు అనన్య. "నా హ్యాండ్ పట్టుకుని ఏడ్చావ్ కూడా."

"నేనా? ఎప్పుడు?"

"ఐవీలో మెడిసిన్ ఇచ్చాక. మామ్ కూడా విన్నది."

"విన్నాను నాన్నా," అంది సుధ, గిన్నెలు సర్దుతూ, నావైపు చూడకుండా. డ్రైవింగ్ మానెయ్యమని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నది ఈవిడే.

"నాకేం గుర్తులేదే."

"గుర్తుండదని డాక్టర్ చెప్పిందిగా."

అల్లుణ్ణయినా సాక్ష్యం అడుగుదామని హాల్లోకి వెళ్లాను. నా వాలు కుర్చీలో, అదే రిక్లైనర్‌లో, కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"నిజమే మామయ్యగారూ. ఇది కూడా అప్పుడే ఇచ్చారు."

ఎలా కాదనను? వాళ్లు ముగ్గురు. నాకేమో ఆ కాసేపు బుర్రలో తెల్లకాగితం.

అదీ సంగతి. కారు మనవరాలికి, రిక్లైనర్ అల్లుడికి, మనశ్శాంతి కూతురికి దక్కాయి. బతికి బయటపడ్డ పాపానికి నాకొక్కడికే ఏమీ రాలేదు.