జ్వరం కూడా నెల ముందు చెప్పి రావాలంట

చిన్నీ, నీ అద్దె గది ఖాళీ చేయడానికి ఈ రోజు రాష్ట్రం దాటి బచేలి వెళ్లానమ్మా. రేపు నీ దినాలు. నువ్వు తినే కంచంలోనే నీకు అన్నం పెట్టాలి, అదేమో ఆ గదిలో ఉండిపోయింది. ఇంటాయన తాళం తీయలేదు.

"నెల ముందు నోటీసు ఇయ్యాలమ్మా. కాయిదం రాసియ్యకుంటే సామాను ఇయ్యను" అన్నాడు.

"ఏందయ్యా, గది ఇచ్చినప్పుడు నోటిమాటే కదా? నా బిడ్డకు జరం నెల ముందు చెప్పి వచ్చిందా?" అన్నాను.

కాగితమే కావాలన్నాడు ఆ పెద్దమనిషి. నాకు వచ్చిన తెలుగులోనే రాసిచ్చాను: "నీ గది నువ్వే నెత్తిన పెట్టుకో. నా బిడ్డ కంచం నాకియ్యి."

ఆయనకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. పెద్ద అధికారిలా తలూపి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని తాళం తీశాడు. ఇది చదివే బిడ్డలారా, ఇలాంటి ఇంటివాళ్లు మీకూ తగిలారా?

కంచం తెచ్చుకున్నాను. మీరంతా వేళకు కడుపునిండా తినండి.