ప్రజల కోసం వేసిన కుర్చీలు

మా ఊరి పోలీస్ స్టేషన్‌కు కుర్చీలు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానిలో ఒకటి దూర్చి, ట్రాలీ ఆటోలో తెచ్చారు. వాటి వెనకాలే ఒక బోర్డు కూడా వచ్చింది. ‘ఇది మీ స్టేషన్. దయచేసి కూర్చోండి’ అని నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. ఆ గేటు లోపల ‘దయచేసి’ అనే మాట నేను అంతకుముందు విని ఎరగను. స్టేషన్‌కు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు ఇవతల నా ఎస్టీడీ బూత్ ఉండేది. అద్దాల తలుపు బిగించి మూసినా అక్కడి కేకలు నా చెవిన పడేవి, కాబట్టి ఈ సంగతి నేను గట్టిగానే చెప్పగలను.

ఊరి పేరు చెప్పను. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో మీరు చిన్న కునుకు తీస్తే దాటిపోయే ఊరు. నేను పుట్టింది కుప్పం పక్కన, మూడు భాషలు కలిపి తిట్టే చోట. పెళ్ళై ఇక్కడికొచ్చాను. మా ఆయన బెంగళూరులో గ్రానైట్ పాలిష్ పనికి కుదిరాక, ఇంటి ముందు గదిలో బూత్ పెట్టుకున్నాను. సెల్‌ఫోన్లు ఇంకా ఉన్నవాళ్ళ జేబుల్లోనే మోగుతున్న రోజులవి.

పోలీసులు ప్రజలతో స్నేహంగా ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. స్నేహం ఆర్డరు మీద వచ్చింది కాబట్టి ఆలస్యం కాలేదు, వెంటనే ఒక స్నేహ సంఘం ఏర్పడింది. టమాటా మండీ ఓనరు అధ్యక్షుడు. రిటైరైన హెడ్మాస్టరు, మెడికల్ షాపాయన సభ్యులు. ఒక ఆడమనిషి కూడా ఉండాలని రూలు. ఎస్సై గేటు దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎదురుగా నేను కనబడ్డాను. నా ఎన్నిక అంతటితో పూర్తయింది.

నెలకోసారి మీటింగు. బోండాలు, టీ, ఆపైన ఉపన్యాసం. కుక్కల బెడద గురించి, బస్టాండు దగ్గర తోపుడు బండ్ల గురించి మాట్లాడుకునేవాళ్ళం. లాకప్పు గురించి ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు, బోండా నోట్లో ఉండగా అలాంటి మాటలు ఎందుకని కాబోలు. అధ్యక్షుల వారు ప్రతిసారీ చివర్లో చేతులు జోడించి, “పోలీసోళ్ళు లేకుంటే మనం యాడుందుము?” అని అడిగేవారు. ఇంట్లో నిమ్మళంగా ఉందుము అని నాకు నాలుక చివరిదాకా వచ్చేది.

ఇక ఆ కుర్చీల సంగతి. మా ఊరి జనం స్టేషన్‌కు వస్తే గేటు దగ్గరే చెప్పులు విడుస్తారు. భుజం మీది టవలు తీసి చంకలో పెట్టుకుంటారు. గోడ వారగా నిలబడతారు. తాతల కాలం నుంచి అదే అలవాటు. ఇప్పుడు కుర్చీలు వచ్చాక వాటి పక్కన నిలబడటం మొదలుపెట్టారు, అంతే తేడా. సంఘం పేరు చెడిపోతుందని ఎస్సైకి కోపం. ఒకరోజు కానిస్టేబుల్ లాఠీ ఊపుతూ, “కూసోండి! కూసుంటారా, రెండు తగిలించేదా?” అని అరవడం నా చెవులతో విన్నాను. పాపం, ఒక ముసలాయన బెదిరిపోయి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

ఇలా నవ్వుకుంటూ ఉండేదాన్నే. ఒక ఎండాకాలం ఆ నవ్వు పోయింది.

నాకు పాలు పోసే ఆమె బస్టాండు వెనక కాలనీలో ఉండేది. రోజూ పొద్దున్నే వచ్చి, కొలిచాక ఇంకొంచెం ఒంపి, తన ఇంటి సంగతులన్నీ చెప్పి పోయేది. ఆమె మొగుడు మన అధ్యక్షుల వారి తోటలోనే టమాటాకు నీళ్ళు కట్టేవాడు. ఒకరోజు ఆమె పాలు లేకుండా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని మెట్టు మీద కూలబడింది.

“అక్కా, మా ఇంటాయన్ను పట్టకచ్చినారు. బాయికాడ మోటారు పోయిందంట. ఆయన చౌడేపల్లె కాడ చిన్నాయన చచ్చిపోతే పోయినాడక్కా. పని ఇడిసిపెట్టి పోయినాడు గాబట్టి ఆయనే తీసినాడంట.”

అధ్యక్షుల వారికి మండీలో సీజను. చాలా రోజులకు తోటకు పోయి చూస్తే బావి దగ్గర మోటారు లేదు. నేరుగా స్టేషన్‌కు వచ్చారు. అనుమానం ఎవరి మీద అని ఎస్సై అడిగాడు. మోటారు దగ్గర ఉండేది నీళ్ళు కట్టేవాడే కదా అన్నారాయన. విచారణ అంతటితో అయిపోయింది. ఇక ఒప్పుకోవడమే మిగిలింది, ఆ పని లోపల జరుగుతోంది.

సంఘం మెంబర్ని కదా అనుకుని చీర సర్దుకుని వెళ్ళాను. ఎస్సై లేచి నిలబడి మరీ మర్యాద చేశాడు. “అమ్మా, పెద్దాఫీసరు వస్తాండారు, మన సంఘాన్ని సూసేదానికి. ఆ ప్రోగ్రాము కానీండి, తర్వాత మాట్లాడుకుందాం. మీరు కాలనీ ఆడోళ్ళను కొంతమందిని పిలుచుకోని రావల్ల. కుర్చీలు నిండుగా కనబడల్ల” అన్నాడు. నేను మనిషి గురించి అడిగితే ఆయన కుర్చీల గురించి మాట్లాడాడు. ఒళ్ళు మండిపోయింది.

ప్రోగ్రాము రోజు పొద్దున ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆ మనిషిని మధ్యలో నడిపించుకుంటూ రోడ్డు దాటి నా బూత్‌కే వచ్చారు.

“అక్కా, ఒక గంటసేపు మీ ఎనక రూములో ఉంటాడు. పెద్దాఫీసరు లాకప్పు సూస్తాడు, కడిగి పెట్టల్ల.”

“యాలప్పా, నాది బూత్ అనుకున్న్యారా సబ్‌జైలు అనుకున్న్యారా?”

“మీరు మెంబరు గదక్కా. ప్రజల సహకారం అంటారే, అదే ఇది” అన్నాడు చిన్నవాడు. వాడికి అది నిజంగానే సహకారంగా తోచినట్టుంది. ఒకడు వెళ్ళిపోయాడు, ఒకడు నా కుర్చీలో కూర్చుని నా పేపరు చదువుకోసాగాడు.

వెనక గదిలో చాప పరిచి, “కూసోప్పా, ఈడ నిన్నెవరూ ఏమనరు” అన్నాను.

“పరవాలేదమ్మా” అని ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాఫీ ఇస్తే నిలబడే తాగాడు. ఇన్నేళ్ళ భయం ఒక చాపతో పోతుందా అనుకుని నేను ఊరుకున్నాను.

అంతలో పక్కన కాలిన మోటార్లు బాగుచేసే వైండింగ్ షాపు మెకానిక్ ఫోన్ చేసుకోవడానికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి. “అమ్మా, మండీ ఓనరుగారి ఇల్లేనా? మీ మోటారు రెడీ అయింది. మీవాడు కాలిపోయిందని ఏసి తిరుమలకు పోయినాడు, ఇంగా రాలేదే. అయ్యగారికి జెప్పి తీసకపొమ్మనండి” అన్నాడు. నా కుర్చీలోని కానిస్టేబుల్ సినిమా పేజీలోంచి తల ఎత్తలేదు. కొడుకు మోటారు కాలబెట్టి, తిట్లు తప్పించుకోవడానికి చెప్పకుండా వైండింగ్‌కు వేసి కొండకు పోయాడు. నాయన వచ్చి దొంగను పట్టించాడు.

పాలామెను వెంటబెట్టుకుని మీటింగుకు పోయాను. దారిలో, మొగుడు నా గదిలోనే ఉన్నాడని చెవిలో చెప్పాను.

“ఎట్లుండాడక్కా?”

“బాగానే ఉండాడు. కూసోమంటే కూసోల్యా, నిలబడే ఉండాడు” అన్నాను. ఆమె కొంగు బిగించి నడక వేగం చేసింది.

షామియానా కింద నా పక్కనే ముందు వరసలో ఆమెను కూర్చోబెట్టాను. ఎస్సై చూశాడు, పళ్ళు కొరికాడు. కానీ అప్పటికే పెద్దాఫీసరు జీపు గేటులోకి వచ్చేసింది.

దండలు, శాలువాలు అయ్యాయి. అధ్యక్షుల వారు, మనం యాడుందుము, అని అడిగారు. చప్పట్లు కొట్టారు. తర్వాత మహిళా సభ్యురాలు రెండు మాటలు మాట్లాడతారని మైకు నా చేతికిచ్చారు. బూత్ లైసెన్సు, ఊరికి దూరంగా ఉన్న మా ఆయన, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. భయపడలేదని అబద్ధం చెప్పను. కానీ భయంకన్నా కోపమే ఎక్కువగా ఉండింది.

“సార్, మా ఊర్లో పోలీసోళ్ళకు జనానికి తేడానే లేదు” అన్నాను. ఎస్సై ముఖం వెలిగింది. “మీరొస్తాండారని స్టేషను కడగల్లంటే, లోపలుండే మనిషిని మా బూత్ ఎనక రూములో పెట్టుకున్న్యాము. ఇప్పుడు గూడా ఆడే ఉండాడు. మోటారు దొంగతనం కేసు. మోటారేమో పక్కన వైండింగ్ షాపులో ఉండాది. రెడీ అయిందని ఇప్పుడే మా బూత్‌లోంచే పోను చేసినారు. మా అధ్యక్షుల వారిదే. వాళ్ళ పిల్లోడే ఏసినాడంట. మేము ఇంత సహకారం చేస్తాండాము సార్.”

మైకు కీచుమంది. అధ్యక్షుల వారు తన శాలువా అంచు చూసుకుంటున్నారు. పెద్దాఫీసరు ఎస్సై వైపు ఒక చూపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఎంతైనా పెద్ద చదువులు చదివినవాడు, పరువు ఎక్కడ జారుతుందో, ఎక్కడ పట్టుకోవాలో బాగా తెలిసినవాడు.

“చూశారా! మనకు కావలసింది ఇదే. కేసును ప్రజలే పరిష్కరించారు! ఆ మనిషిని గౌరవంగా తీసుకురండి” అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

ఆయన్ను తెచ్చారు. రోడ్డు దాటడానికి మామూలు మనిషికి పట్టేదానికన్నా చాలాసేపు పట్టింది. పెద్దాఫీసరు తన చేత్తో ఒక ఎర్ర కుర్చీ ముందుకు లాగాడు. ఫోటో తీసే అతను మోకాళ్ళ మీద వంగాడు.

“కూర్చోవయ్యా. ఇది నీ స్టేషన్.”

ఆయన కుర్చీ వైపు చూశాడు. చేతులు జోడించి, “వద్దు సామీ” అన్నాడు.

“పరవాలేదు, కూర్చో.”

“వద్దు సామీ.”

పెద్దాఫీసరు మైకు వైపు తిరిగాడు. “ఎంత చెప్పినా మనవాళ్ళు పెద్దల ముందు కూర్చోరు. అది భయం కాదు, సంస్కారం. ఈ నేల సంస్కారం” అన్నాడు. హెడ్మాస్టరు అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టాడు.

నా పక్కనున్న ఆమె లేచింది. ఆమెకు మైకు అక్కర్లేదు.

“సంస్కారమా సామీ? కూసునేదానికి ల్యాకుండా కొట్టినాక కుర్చీ యాలప్పా?”

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. వినబడినవాళ్ళు ఆపారు, వెనకాలవాళ్ళు ఇంకా కాసేపు కొట్టారు. ఆమె అందరి ముందు నుంచి నడిచిపోయి మొగుడి చెయ్యి పట్టుకుంది. ఎవరూ అడ్డం రాలేదు. నా చాప మీద ఆయన ఎందుకు కూర్చోలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆటోలో ఆయన బోర్లా పడుకున్నాడు, తల ఆమె ఒడిలో పెట్టుకుని. నేను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని ఆస్పత్రిదాకా పోయాను.

ఎస్సైకి బదిలీ అయింది, ఇంతకన్నా పెద్ద స్టేషన్‌కే అని విన్నాను. సంఘంలో నా స్థానంలోకి అధ్యక్షుల వారి భార్య వచ్చింది. మోటారును కొడుకు కొండ నుంచి వచ్చాక ఇంటికి తీసుకుపోయాడు, గుండు మీద టోపీ పెట్టుకుని.

ప్రోగ్రాము జరిగిన మర్నాడే పేపర్లో ఫోటో పడింది. పెద్దాఫీసరు చిరునవ్వుతో కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు, పాలామె మొగుడు ఎదురుగా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పోలీసులంటే ప్రజలకు ఎంత గౌరవమో అని కింద రాశారు. పాలామె ఆ పొద్దున కూడా వచ్చింది, ఆస్పత్రి నుంచి నేరుగా ఇంటికి పోయి ఆవును పిండుకుని. పేపరు దాచేద్దామనుకున్నాను కానీ చూడనే చూసింది. పాలు పోయడం ఆపి, మొగుడి ముఖం దగ్గర కాసేపు వేలు పెట్టింది. తర్వాత గిన్నె నా ముందుకు జరిపింది.

“కుర్చీ బాగా పడిందక్కా” అంది.